మా ఇంటికి మాత్రం కాచుకున్న నీళ్ళు

పద్నాలుగేళ్ళుగా ఒక సంగతి మోస్తున్నాను. మోస్తూనే ఉద్యోగాలు చేశాను. ఇల్లు మారాను. అమ్మ పోతే కర్మలు జరిపించాను. పండక్కి కొత్త చీర కట్టుకున్నాను, ఎవరో ఏదో అంటే నవ్వాను కూడా. బయటికి ఏమీ తెలియలేదు. మనిషి లోపల ఇంత సంగతి ఉంటే ముఖం మీద ఎక్కడో ఒకచోట కనపడాలి కదా అనుకునేదాన్ని. కనపడదు. అద్దంలో చాలాసార్లు చూసుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పడానికి చేయి ఆడుతోంది. తెలిసినవాళ్ళకు చెబుదామని మనసులో మాటలు కూర్చుకున్నప్పుడల్లా నా వైపు నుంచే మొదలుపెట్టేదాన్ని. ఆ రోజులు అలాంటివి, ఆ ఉద్యోగం అలాంటిది, అమ్మ పరిస్థితి అలాంటిది అని. అలా మొదలుపెడితే చివరికి నేను మంచిదాన్నే అని తేలుతుంది. ఈసారి జరిగింది జరిగినట్టు రాయాలని కూర్చున్నాను. ఎంతవరకు చేతనవుతుందో చూడాలి. మనుషుల పేర్లు మార్చాను. ఊళ్ళు, వీధులు మార్చలేదు. ఎందుకు మార్చలేదో చివర చెబుతాను.

నేను కెమిస్టును. ఎల్బీ నగర్ నుంచి మీర్‌పేట్ వైపు పోయే దారిలో అప్పట్లో ఒక చిన్న వాటర్ ప్లాంటు ఉండేది. సీసాలూ, ఇరవై లీటర్ల క్యాన్లూ నింపి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళకు, కొత్తపేట ఇళ్ళకు, హోటళ్ళకు పంపేవాళ్ళు. అందులో ల్యాబ్ అంటే ఒక ఇరుకు గది. ఆ గదిలో నేనొక్కదాన్నే. రోజూ నీళ్ళ శాంపిల్ తీయాలి, పరీక్ష చేయాలి, ఫలితం రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. నా సంతకం లేకుండా ఒక్క క్యాను గేటు దాటకూడదు. నియమం అది. కొన్నేళ్ళు ఆ నియమం అలాగే నడిచింది కూడా. నా పనంటే నాకు గౌరవం ఉండేది.

మాది నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ ఊరు. నా పళ్ళ మీద ఇప్పటికీ గోధుమరంగు గారలున్నాయి. అమ్మకు నలభై దాటేసరికి నడుము వంగిపోయింది, మోకాళ్ళు బిగుసుకుపోయాయి. నీళ్ళు మనిషిని ఏం చేస్తాయో పుస్తకంలో చదవకముందే ఇంట్లో చూశాను. ఇది మీ జాలి కోసం చెప్పడం లేదు. తెలియక చేశాను అని చెప్పుకునే దారి నాకు లేదు, అందుకు చెబుతున్నాను.

అమ్మా నేనూ కొత్తపేటలో రైతు బజార్ వెనక గల్లీలో, ఒక మూడంతస్తుల ఇంట్లో రెండో అంతస్తున కిరాయికి ఉండేవాళ్ళం. మా తలుపుకు ఎదురు తలుపు భాస్కర్, సరితలది. పోచంపల్లి దగ్గరి నేత కుటుంబం. మగ్గం మీద బతకడం కష్టమై అతను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్‌గా చేరాడు. పెళ్ళయి రెండేళ్ళు.

సరిత గురించి ఎలా చెప్పాలి? పుట్టింట్లో చిన్నప్పటినుంచి రంగులద్దే నూలుకు ముడులు కట్టిన చేతులవి. ఊరికే కూర్చుంటే ఆ వేళ్ళు ఆగేవి కావు. చేతికి దొరికిన దారానికల్లా ముడులు వేస్తూ మాట్లాడేది. మెట్ల మీద ఎవరైనా కట్టుకొని పోయే చీర చూసి అది ఏ ఊళ్ళో నేసిందో చెప్పేది, తప్పు చెప్పినా ధైర్యంగా చెప్పేది. గొంతు పెద్దది. మధ్యాహ్నం నేను ప్లాంటులో ఉన్నప్పుడు మా అమ్మ దగ్గరికి వచ్చి కాళ్ళకు నూనె రాసేది. నేనెప్పుడూ అడగలేదు. అమ్మ కూడా అడగలేదు.

నన్ను అక్కా అనేది. గల్లీలో మాత్రం నాకు వేరే పేరు పెట్టింది. నీళ్ళ డాక్టర్. మా అక్క పరీక్ష చేసిన నీళ్ళు, మేం అవే తాగుతం అని ఇంటింటికీ చెప్పి, గల్లీ మొత్తం మా ప్లాంటు క్యాన్లే తెప్పించుకునేలా చేసింది. ఓనర్‌కు ఈ సంగతి తెలిసి నన్ను మెచ్చుకున్నాడు. నాకూ గర్వంగా ఉండేది. ఒక గల్లీ గల్లీ అంతా నా మాట మీద నీళ్ళు తాగుతోంది అంటే చిన్న సంగతా?

ఆ ఏడు తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, ఆఫీసులు ఖాళీ. బొగ్గు గనులు కూడా ఆగేసరికి కరెంటు కోతలు మొదలయ్యాయి. భాస్కర్ పనిచేసే దుకాణం సగం షట్టర్ వేసి ఉండేది. అతను కొత్తపేటలో వేసిన దీక్షా శిబిరంలో కూర్చునేవాడు. నేను కూడా ఒక పూట కూర్చున్నాను. సరిత ఆరు నెలల కడుపుతో వచ్చి ఆడవాళ్ళ మధ్య కూర్చొని పాటకు చప్పట్లు కొట్టింది. ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద నడుస్తుంటే ఎవరూ ఎవరికీ పరాయి అనిపించేది కాదు. నా జీవితంలో నేను అంతమందిలో కలిసిపోయింది అప్పుడే. ఆ తర్వాత ఎప్పుడూ లేదు.

మా ఓనర్ క్యాన్ల ఆటోకు జెండా కట్టించి శిబిరాలకు ఊరికే నీళ్ళు పంపేవాడు. మంచి పనే కదా అనుకున్నాం అందరం.

ప్లాంటులో మాత్రం పరిస్థితి వేరే. బోరు ఎండిపోయి నీళ్ళు ట్యాంకర్లతో తెప్పిస్తున్నారు. కరెంటు లేనప్పుడు జనరేటర్ మీద మోటారు, నింపే యంత్రం మాత్రమే నడిచేవి. క్రిములను చంపే యంత్రాలను ఆ చిన్న జనరేటర్ లాగలేకపోయేది. అంటే ట్యాంకర్ నీళ్ళు వడపోత ఒక్కటే దాటి నేరుగా క్యాన్లలోకి పోతున్నాయి. ఈ సంగతి నాకు తెలుసు, ఓనర్‌కు తెలుసు. ఒకటి రెండు రోజులే కదా అనుకున్నాం.

ఒకరోజు ట్యాంకర్ నీళ్ళు వాసన వచ్చాయి. మురుగు వాసన, చాలా కొంచెం. పట్టించుకోకపోతే తెలియనంత. శాంపిల్ తీసి పరీక్షకు పెట్టాను. ఊదారంగు ద్రవం పోసిన గాజు గొట్టాల్లో ఈ నీళ్ళు కలిపి, కరెంటుతో నడిచే ఒక పెట్టెలో వెచ్చగా ఉంచుతాం. నీళ్ళలో మలం తాలూకు క్రిములుంటే రంగు పసుపుకు తిరుగుతుంది, లోపల బుడగ కడుతుంది. అంతకుముందు నా కళ్ళ ముందు ఎప్పుడో ఒక గొట్టం తిరిగి ఉంటుంది. ఆ రోజు అన్నీ తిరిగాయి. కరెంటు పోయి వస్తోంది కదా, పెట్టె వేడి సరిగ్గా లేక అలా వచ్చిందేమో అని మళ్ళీ పెట్టాను. మళ్ళీ అన్నీ పసుపే.

గొట్టాల స్టాండు చేత్తో పట్టుకొని ఓనర్ గదికి పోయాను. చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. ఆయనది కూడా మా జిల్లానే. నన్ను ఎప్పుడూ ఒక మాట అనలేదు. అమ్మకు బాగాలేనప్పుడు సెలవు అడగకుండానే ఇచ్చాడు.

"కరెంటు ఒచ్చినంక అంతా సక్కగైతదమ్మా," అన్నాడు. "గిప్పుడు ఆపితే శిబిరాలల్ల కూసున్నోళ్ళకు నీళ్ళెవరిస్తరు?"

అంతే అన్నాడు. రాయమని చెప్పలేదు. రిజిస్టర్ నా ముందుకు జరిపి, ఫోన్ వస్తే మాట్లాడుతూ బయటికి పోయాడు. ఆయన బెదిరించి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. ఉద్యోగం తీసేస్తానని అని ఉంటే నాకు ఒక కారణం మిగిలేది. ఆ గదిలో నేనూ రిజిస్టరూ పెన్నూ తప్ప ఎవరూ లేరు. క్రిములు ఉన్నాయా లేవా అనే గడిలో 'లేవు' అని రాశాను. సంతకం పెట్టాను. గొట్టాలు నేనే కడిగాను.

మర్నాడు పరీక్ష చేయలేదు. చేస్తే మళ్ళీ చూడాలి. చూడకుండా 'లేవు' అని రాయడం తేలికని ఒక్కరోజులోనే నేర్చుకున్నాను. అలా పంతొమ్మిది రోజులు రాశాను. నా చేతిరాత ఆ పంతొమ్మిది గళ్ళలో ముందుకన్నా చక్కగా ఉంటుంది. ఎందుకు అలా రాశానో నాకు తెలియదు.

ఇక్కడిదాకా చెప్పడం అంత కష్టం కాలేదు. ఉద్యోగంలో అబద్ధపు లెక్కలు రాసేవాళ్ళు లోకంలో చాలామంది. నేనూ వాళ్ళలో ఒకదాన్ని. మీరు కూడా ఇక్కడిదాకా చదివి, పాపం ఏం చేస్తుంది అనుకొని ఉంటారు. ఇంకొకటి ఉంది.

మొదటిసారి 'లేవు' అని రాసిన సాయంత్రం ఇంటికి వచ్చి, స్టవ్ మీద పెద్ద గిన్నె పెట్టి, మా క్యానులో నీళ్ళు దాన్లో పోసి కాచాను. ఆలోచించి చేసిన పని కూడా కాదు. చెప్పులు విప్పినంత మామూలుగా చేశాను. గిన్నెలో నీళ్ళు తెర్లుతుండగా సరిత ఏదో గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చింది. వంటింటి గుమ్మం దగ్గర ఆగి చూసింది.

"అక్కా, క్యాన్ నీళ్ళు కాగబెడుతున్నవేంది?"

"అమ్మకు గొంతు నొస్తుందట. ఏడి నీళ్ళు అడిగింది."

"నీళ్ళల్ల ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు. మంచిగనే ఉన్నయి."

"అంతే గద. నువ్వుండంగ మాకేం భయం," అని, మా క్యాను వంచి ఒక గ్లాసు నీళ్ళు పట్టుకొని నా ముందే తాగింది. కడుపుతో ఉన్నదానికి దాహం ఎక్కువ. గ్లాసు బోర్లించి, అమ్మను పలకరించి పోయింది.

ఆమె అడిగింది. అది మీరు గమనించాలి. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు అనే మాట కూడా నాకు లేదు. నువ్వూ కాచుకో అంటే సరిపోయేది. రెండు మాటలు. కారణం చెప్పక్కర్లేదు, కడుపుతో ఉన్నావు కాబట్టి కాచుకో అన్నా నమ్మేది. ఎందుకు అనలేదు? ఈ ప్రశ్నకు పద్నాలుగేళ్ళలో చాలా జవాబులు తయారుచేసుకున్నాను. సరితకు చెబితే గల్లీకి చెప్పినట్టే, గల్లీకి తెలిస్తే ప్లాంటు మూతపడుతుంది, ఉద్యోగం పోతుంది, అమ్మ మందులు ఎలా, ఇలా. అవన్నీ నిజమే. కానీ ఆ క్షణంలో నేను వాటిలో ఒక్కటి కూడా ఆలోచించలేదు. నీళ్ళ డాక్టర్ అని పిలిచిన మనిషి ముందు నా నీళ్ళు బాగాలేవని చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. నిజంగా అంతే. దానికోసం.

పంతొమ్మిది రోజులూ కాచుకున్నాను, ఆమె వస్తుందేమో అని తలుపు దగ్గరికి వేసి.

సమ్మె ముగిసింది. కరెంటు వచ్చింది, యంత్రాలు నడిచాయి, ట్యాంకు కడిగించారు. మళ్ళీ పరీక్ష పెట్టాను. ఊదారంగు అలాగే ఉంది. ఏమీ జరగలేదు, బతికిపోయాం అనుకున్నాను. బతికిపోయాం అని నాకు నేను పైకే అనుకున్నాను.

దీపావళి దాటాక మొదలైంది. ముందు దిల్‌సుఖ్‌నగర్‌లో మా క్యాన్లు పోయే ఒక హాస్టల్లో ఆడపిల్లలకు పచ్చకామెర్లు. తర్వాత మా గల్లీలో ఇంటికొకరు. శిబిరంలో కూర్చున్నవాళ్ళలో కొందరు. చాలామంది పసరు మందు తాగి, పథ్యం చేసి లేచారు. సరితకు వాంతులు మొదలైతే కడుపుతో ఉన్న వాంతులే అనుకున్నారు. కళ్ళు పచ్చబడేసరికి ఆలస్యమైంది. ఎనిమిదో నెల. దవాఖానలో చేర్చిన రెండో రోజు స్పృహ తప్పింది. పాపను బయటికి తీశారు. పాప బతికింది. నాలుగో రోజు పొద్దున సరిత పోయింది.

నీళ్ళ వల్ల వచ్చే ఈ కామెర్లు మామూలు మనిషిని పడుకోబెట్టి వదిలేస్తాయి, నెలలు నిండుతున్న ఆడదాన్ని మాత్రం చాలాసార్లు వదలవు అని అక్కడి డాక్టరు భాస్కర్‌కు చెప్పాడు. పక్కనే నేను ఉన్నాను. నా చేతిలో ఫ్లాస్కు ఉంది. వాళ్ళకోసం ఇంటినుంచి నీళ్ళు తీసుకుపోయాను. కాచి.

భాస్కర్ తల్లి గోడకు చేరగిలబడి, నోరు కట్టుకోలేదు, బయటిది తినొద్దంటే వినలేదు అని చనిపోయిన కోడలిని తిడుతూ ఏడ్చింది. విన్నాను. ఊరుకున్నాను.

మా గల్లీలోనే ఉండే ఒక వకీలుకు కూడా ఆ కామెర్లు వచ్చాయి. శిబిరంలో భాస్కర్ పక్కన కూర్చున్నవాడు. ఇన్ని ఇళ్ళల్లో ఒకేసారి వచ్చిందంటే నీళ్ళేనని ఆయన పట్టుకున్నాడు. భాస్కర్‌తో, ఇంకొందరితో కలిపి ప్లాంటు మీద వినియోగదారుల ఫోరంలో కేసు వేయించాడు. ఫోరం ఎల్బీ నగర్‌లోనే. ప్లాంటు తరఫున జవాబు ఏముంటుంది? రిజిస్టర్. ఆ పంతొమ్మిది రోజుల పేజీలు. దాంతోపాటు నా అఫిడవిట్. ప్రతిరోజూ నేనే స్వయంగా పరీక్ష చేశానని, నీళ్ళలో ఏ దోషమూ లేదని, ప్రమాణం చేసి చెబుతున్నానని. ప్లాంటు వకీలు ఇంగ్లీషులో టైపు చేయించి తెచ్చాడు. నాకు ఇంగ్లీషు వచ్చు. ఒక్కో మాటా చదివాను. నోటరీ ముందు ఎండలో నిలబడి ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాను.

ఇదంతా జరుగుతున్నప్పుడు నేను ఎక్కడ ఉన్నాననుకుంటున్నారు? ఆ ఎదురు తలుపు ఇంట్లోనే. నా పేరు మీద అఫిడవిట్ వచ్చిందని భాస్కర్‌కు తెలుసు. తెలిసీ మా అమ్మను రోజూ పలకరించేవాడు. ఉద్యోగంలో ఉన్న మనిషి తను చేసిన పని చెప్పుకుంది, అందులో తప్పేముంది అనుకున్నాడు. నీళ్ళు నా పరీక్ష దాటాక, క్యాన్లు మోసేచోట ఎక్కడో పాడై ఉంటాయని అతని ఊహ. నన్ను ఒక్క క్షణం కూడా అనుమానించలేదు.

ఒక సాయంత్రం మెట్ల మీద ఎదురుపడ్డాడు. భుజాన పాప. పాపను నా చేతుల్లో పెట్టి, తలుపుకు తాళం వేస్తూ చెప్పాడు.

"వకీలు సాబ్ నీకు ప్రశ్నలు రాసి పంపుతా అన్నడక్కా. కరెంటు లేని దినాలల్ల పరీక్షలెట్ల చేసినవని అడుగుతడట. నేనే వద్దన్న. అక్క అబద్ధం ఆడదని చెప్పిన."

పాప నా వేలు పట్టుకుంది. నేనేం అనలేదు. అనవలసిన చోటు అదే. కరెంటు లేకుండా ఆ పెట్టె ఎలా నడిచిందని ఒక్క ప్రశ్న కాగితం మీద వచ్చి ఉంటే నా చేతిరాత మొత్తం కూలిపోయేది. ఆ ప్రశ్నను అతనే ఆపాడు, నా పరువు కోసం. పాపను తిరిగి అతని భుజానికి ఇచ్చి ఇంట్లోకి వచ్చేశాను.

కేసు కొట్టేశారు. ఆ రోజుల నీళ్ళ శాంపిల్ ఎవరి దగ్గరా లేదు. రిజిస్టర్ ఉంది, కెమిస్టు ప్రమాణం ఉంది, దాన్ని కాదన్నవాళ్ళు లేరు. భాస్కర్ పై కోర్టుకు పోలేదు. ఇల్లు ఖాళీ చేసి, పాపను తీసుకొని ఊరికి పోయి మళ్ళీ మగ్గం ఎక్కాడు. పోయేముందు మా అమ్మ కాళ్ళకు మొక్కాడు.

నేను కొన్నాళ్ళకు ప్లాంటు మానేసి ఒక బడిలో సైన్సు టీచర్‌గా చేరాను. రాష్ట్రం వచ్చింది. ఆ రోజు గల్లీ అంతా రంగులు చల్లుకున్నారు. నేను కిటికీలోంచి చూశాను. ఓనర్ ప్లాంటు అమ్మేశాడు, తర్వాత పోయాడని విన్నాను. అమ్మ పోయింది. మీర్‌పేట్‌లో రెండు గదుల ఇల్లు తీసుకున్నాను. ఇక ఈ సంగతి తెలిసిన మనిషి భూమి మీద నేనొక్కదాన్నే. అది ఊరట అవుతుందనుకున్నాను. ఒక సంగతి తెలిసిన ఆఖరి మనిషివి నువ్వే అయితే అది ఎంత ఒంటరితనమో అప్పటిదాకా తెలియలేదు.

ఇంటికి ఎవరొచ్చినా మనం ముందు మంచినీళ్ళు ఇస్తాం. నాకు చేయి ముందుకు రాదు. గ్లాసు పట్టుకొని ఎదుటి మనిషి గొంతు కదలడం చూడలేను. టీ పెడతాను, కూల్‌డ్రింక్ తెస్తాను, లేకపోతే మాటల్లో పెట్టి పంపేస్తాను. వచ్చినవాళ్ళకు అదొక మర్యాద తక్కువతనంగా అనిపించి ఉంటుంది. మెల్లగా రావడం తగ్గించారు. నేనూ పిలవడం మానేశాను. పెళ్ళి సంబంధాలు ఒకటి రెండు వచ్చాయి. పెళ్ళంటే ఒక మనిషి రోజూ పక్కన ఉండటం, ఎప్పుడో ఒకరోజు నిజం నోరు జారడం. వద్దన్నాను.

ఈ ఏడు ఎండాకాలం మొదట్లో భాస్కర్ వచ్చాడు. ఎవరినో అడిగి అడ్రసు పట్టుకున్నాడు. జుట్టు నెరిసింది. వెంట పాప. పాప అంటున్నాను గానీ నా భుజం దాటింది. పదో తరగతి అయ్యాక దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటర్ చదివించాలని అతని ఆశ. హాస్టల్ అంటే భయమట. మీ ఇంట్ల ఉంచుకుంటవా అక్కా అని అడిగాడు. గీ సిటీల నమ్మి విడిచేటందుకు నాకు నువ్వే ఉన్నవన్నాడు. పాప మాట్లాడకుండా నా పుస్తకాలు చూస్తోంది. తల్లి గొంతు కాదు, మెత్తటి గొంతు. అమ్మ మీ గురించి చెప్పేదట కదా, నాన్న చెప్పిండు అంది. నేను టీ పెట్టడానికి లేచాను.

నాకు ఆ పిల్ల కావాలనిపించింది. దాచడమెందుకు, ఎంతో కావాలనిపించింది. ఆ రెండు గదుల్లో ఇంకో మనిషి అలికిడి, పొద్దున జడ వేయడం, పుస్తకాల గురించి వాదన. సరే అంటే చాలు, వస్తుంది. రోజూ నా చేతి నీళ్ళు తాగుతుంది. ఆలోచించి చెబుతానని పంపేశాను.

పోయిన ఆదివారం ఎల్బీ నగర్‌లో బస్సెక్కి వాళ్ళ ఊరు పోయాను. నేను ఒప్పుకోవడానికే వచ్చానని భాస్కర్ అనుకున్నాడు. పాప స్నేహితురాలి ఇంటికి పోయిందట. అతను మగ్గం గుంటలోంచి లేవబోతే వద్దని, ఎదురుగా పీట మీద కూర్చున్నాను. గాజు గొట్టాల సంగతి చెప్పాను. పంతొమ్మిది రోజుల రాత చెప్పాను. అఫిడవిట్ అబద్ధమని చెప్పాను. చెబుతున్నంతసేపూ అతని చేయి పోగుల మీదే ఉంది. చేయి తీయకుండానే అన్నాడు.

"నువ్వు నౌకరి చేసేదానివక్కా. మీ అమ్మ మంచంల ఉండె. నువ్వు రాయకుంటే ఇంకొకలు రాస్తుండె."

పద్నాలుగేళ్ళుగా నేను వినాలనుకున్న మాట అదే. అచ్చంగా అదే. లేచి గుమ్మం దాటాను. ఒక కాలికి చెప్పు వేసుకున్నాను. అలాగే పోవచ్చు. పిల్లను కూడా పంపేవాడు, నాకు తెలుసు. కానీ అతను క్షమించింది ఎవరిని? రిజిస్టర్ రాసిన ఉద్యోగస్తురాలిని. స్టవ్ ముందు నిలబడ్డ మనిషి సంగతి అతనికి ఇంకా తెలియదు.

చెప్పు విప్పి మళ్ళీ లోపలికి పోయాను. నిలబడే చెప్పాను. కాచుకున్నానని, సరిత వచ్చిందని, చూసిందని.

మగ్గం మీదినుంచి చేతులు తీశాడు.

"నిన్నడిగిందా?"

"అడిగింది."

"అడిగితే మంచిగున్నయన్నవా?"

"అన్న. నా ముంగటనే ఒక గ్లాసు తాగి పోయింది."

అతను నా వైపు చూడలేదు. బిగించి ఉన్న పోగుల వైపు చూస్తూ, చాలా మెల్లగా అన్నాడు.

"పిల్ల ఒచ్చే టైమైంది. నువ్వు పో అక్కా."

అక్కా అన్నాడు. నోటికి అలవాటైన పిలుపు, అంతకుమించి అందులో ఏమీ వెతుక్కోకూడదు. వెతుక్కోవడం లేదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక ఊపిరి లోపలిదాకా పోయింది. తేలికగా ఉంది. ఆ తేలికకు వెంటనే సిగ్గేసింది. నా మీదున్నది తీసి అతని మీద పెట్టి వచ్చానా? ఇన్నేళ్ళూ అతనికి భార్య లేకపోయినా సిటీలో నమ్మదగిన మనిషి ఒకరున్నారనే ధైర్యం ఉండేది. అది కూడా తీసేసుకున్నాను. చెప్పకుండా ఉంటేనే మంచిదా? అలా అనుకునే కదా పద్నాలుగేళ్ళు గడిపాను. తెలియదు. అతను ఫోన్ చేయలేదు. చేస్తాడని అనుకోవడం లేదు. పిల్లకు చెప్పాడో లేదో, చెబితే ఆ పిల్ల ఏమనుకుందో కూడా నాకు తెలిసే దారి లేదు. ఆ పాత కేసును తిరగదోడాలని అతను అనుకుంటే నేను పోయి నిలబడి ఇదంతా చెబుతాను. ఆ మాట ఒక కాగితం మీద రాసి, కింద నా అసలు పేరు, సంతకం పెట్టి అతనికి పోస్టు చేశాను.

అతనికి చెప్పగలిగాను, అతని ఊరు తెలుసు కాబట్టి. మిగిలినవాళ్ళ అడ్రసులు నా దగ్గర లేవు. వాళ్ళకోసమే ఇది రాయడం, వీధుల పేర్లు మార్చకపోవడం. ఆ ఏడు సమ్మె రోజుల్లో కొత్తపేట రైతు బజార్ వెనక గల్లీల్లో, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో, రోడ్డు మీది శిబిరాల్లో క్యాన్ నీళ్ళు తాగి, దీపావళి తర్వాత పచ్చకామెర్లతో పడుకున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉండవచ్చు. పరీక్షలు పోయినవాళ్ళు ఉంటారు, పని పోయినవాళ్ళు ఉంటారు. ఏదో పడనిది తిన్నావని ఇంట్లో తిట్టి ఉంటారు. మీరు కూడా అదే నమ్మి, మీ తప్పేననుకొని ఉంటారు.

మీరు తిన్నదాంట్లో ఏమీ లేదు. ఆ నీళ్ళు మంచివి కావు. ఆ సంగతి నాకు ముందే తెలుసు.